ఎయిర్‌ఫ్రయర్‌లో మన వంటలు: బెజవాడ వంటింటి నుంచి తరచుగా అడిగే ప్రశ్నలు

మాది గుంటూరు, మెట్టినిల్లు బెజవాడ. మా ఇంటికి ఎయిర్‌ఫ్రయర్ వచ్చి మూడేళ్లయింది. అప్పటినుంచి మా అపార్ట్‌మెంట్‌లో ఎవరు కొత్తది కొన్నా, డబ్బా విప్పకముందే మా తలుపు కొడతారు. బ్రాడీపేటలో ఉండే మా వదిన ఫోన్‌లోనే అడుగుతుంది, అదీ కూర సగం మాడాక. వాళ్లందరికీ చెప్పినవే ఇక్కడ రాస్తున్నాను. ఈ టైములన్నీ మా నాలుగు లీటర్ల బుట్టకి సరిపోయినవి. మీ మెషీన్‌లో రెండు మూడు నిమిషాలు అటూ ఇటూ అవుతుంది, మొదటిసారి కాస్త దగ్గరుండి చూసుకోండి.

ఇది నిజంగా ఫ్రై చేస్తుందా?

చేయదు. పేరులోనే ఉంది ఫ్రై, పనిలో లేదు. ఇది చిన్న ఓవెన్. పైన కాయిల్ ఎర్రగా కాలుతుంది, దాని మీదున్న ఫ్యాన్ ఆ వేడిగాలిని బుట్ట చుట్టూ గిరగిరా తిప్పుతుంది, అంతే. మే నెలలో మధ్యాహ్నం రెండింటికి డాబా మీద తడిచీర ఆరేసి, కిందకి దిగి మంచినీళ్లు తాగి వచ్చేసరికి ఆరిపోయి ఉంటుంది చూడండి, ఆ వడగాలినే పెట్టెలో బిగించారనుకోండి. 2010లో ఫిలిప్స్ వాళ్లు బెర్లిన్ ప్రదర్శనలో మొదట ఈ పేరుతో పెట్టారు. ఆ పేరే అన్ని కంపెనీల మెషీన్లకీ అతుక్కుపోయింది.

ఒక్క విషయం పట్టుకుంటే మిగతావన్నీ మీకే తెలిసిపోతాయి. ముక్క మీద తడి ఉన్నంతసేపు దాని వేడి 100 డిగ్రీల దగ్గరే ఆగిపోతుంది. ఆ తడి పోయి, పైభాగం 140 డిగ్రీల దాకా వెళితేనే ఎర్రబడటం, కరకరలాడటం మొదలవుతుంది. అందుకే తడి తక్కువున్నవి ఇందులో బాగా వస్తాయి. జారుడు పిండి రాదు.

అయితే మిరపకాయ బజ్జీ రాదా?

రాదు. నేను చేసి చూశాకే చెప్తున్నాను.

కొన్న మొదటి ఆదివారం మాకు ఇదే సరదా. బజ్జీ మిరపకాయలు చీల్చి, వాము, చింతపండు గుజ్జు కూరి, శనగపిండిలో ముంచి, బుట్టలో వరసగా పేర్చాను. మూకుట్లో అయితే పిండి కాగిన నూనెను తాకగానే ఒక్క క్షణంలో బిగుసుకుని కాయకి తొడుగులా పట్టుకుంటుంది. ఇక్కడ గాలి కదా, బిగించడానికి టైమ్ పడుతుంది. ఈలోపు పిండి బొట్లుబొట్లుగా బుట్ట చిల్లుల్లోంచి కిందికి జారిపోయింది. పదిహేను నిమిషాల తర్వాత తీస్తే కాయలు ఒకచోట, పిండి ఒకచోట. చిల్లుల్లో ఎండిన పిండిని అగ్గిపుల్లతో తీయాల్సి వచ్చింది. మా అత్తయ్యగారు ఒకటి చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పి, "ఏమ్మా, దీనికి జ్వరం వచ్చి తగ్గిందా?" అన్నారు. అంతకంటే బాగా చెప్పలేను.

పిండి గట్టిగా కలిపి, పైన బ్రెడ్ పొడి దొర్లించి చేసేవాళ్లున్నారు. తినడానికి బాగానే ఉంటుంది, దాన్ని బజ్జీ అనడానికి మాత్రం నాకు నోరు రాదు. వానపడిన సాయంత్రం బజ్జీ తినాలనిపిస్తే బండి దగ్గరికి వెళ్లి రెండు తినేసి రండి.

పునుగులు, గారెలు?

పునుగుల పిండి కూడా జారుడే కాబట్టి అదే కథ. నూనె తగ్గించాలనుకుంటే పొంగనాల పెనం మీద చెంచాడు నూనెతో వేయండి, పునుగులకి ఈ మెషీన్ కంటే అదే వెయ్యిరెట్లు మేలు. గారెల పిండి గట్టిగా రుబ్బితే నిలబడుతుంది. నూనె రాసిన బటర్ పేపర్ మీద తట్టి, 180లో పదిహేను నిమిషాలు, మధ్యలో తిప్పి. పెరుగు ఆవడలకైతే ఎవరూ కనిపెట్టరు. ఉట్టిగా అల్లం పచ్చడితో పెడితే మాత్రం పట్టేస్తారు.

బెండకాయ వేపుడు జిగురు లేకుండా ఎలా?

ఈ ఒక్క కూరకే మెషీన్ డబ్బులు గిట్టాయని మా ఇంట్లో అంటాం.

పావుకిలో బెండకాయలు ముందురోజు రాత్రే కడిగి, బట్ట మీద పరిచి ఆరనివ్వండి. పొద్దున్నే హడావుడిలో కడిగి వెంటనే తరిగితే ఏ మెషీనూ కాపాడలేదు. అరంగుళం ముక్కలు తరిగి, గిన్నెలో వేసి, రెండు చిన్న చెంచాల నూనె పోసి చేత్తో పైకీ కిందికీ కలపండి. ప్రతి ముక్కకీ కొంచెం మెరుపు రావాలి, గిన్నె అడుగున నూనె మిగలకూడదు. ఉప్పు ఇప్పుడే వేయొద్దు. ఉప్పు పడితే ముక్కలోని నీరంతా పైకి వచ్చేస్తుంది, జిగురు అక్కడే మొదలు. 180 డిగ్రీల్లో పన్నెండు నుంచి పదిహేను నిమిషాలు. ఆరో నిమిషంలో ఒకసారి, పదో నిమిషంలో ఒకసారి బుట్ట లాగి, బియ్యం చెరిగినట్టు ఎగరేయండి. మొదటిసారి లాగినప్పుడు ముక్కలు బద్ధకంగా ఒకదానికొకటి అంటుకుని కదులుతాయి. రెండోసారికి గలగలమని చప్పుడొస్తుంది. ఆ చప్పుడు వస్తే సగం గెలిచినట్టే. దించాక ఉప్పు, వెల్లుల్లి కారం చల్లి, వేయించిన పల్లీలు కలపండి.

మిగతా వేపుళ్లు?

దొండకాయ నిలువుగా నాలుగు చీలికలు చేసి 180లో ఇరవై నిమిషాలు. చేమదుంపలు మాత్రం ముందు ఉడికించి, తొక్క తీసి, ఫ్రిజ్‌లో గంట పెట్టి, చక్రాలుగా కోసి, కొంచెం బియ్యప్పిండి చల్లి 200లో పదిహేను నిమిషాలు. పచ్చివి నేరుగా వేస్తే పైన గట్టిపడి లోపల నోరు దురదపెడతాయి. అరటికాయ కూడా సగం ఉడికించే వేయాలి. ఆలుగడ్డ ముక్కల్ని అరగంట నీళ్లలో నానబెట్టి, పిండి పోయాక తుడిచి వేస్తే విడివిడిగా వస్తాయి. కాకరకాయ చక్రాలు బ్రహ్మాండంగా వస్తాయి కానీ చివరి రెండు నిమిషాలు కదలకుండా దగ్గర నిలబడాలి. బంగారు రంగుకీ బొగ్గుకీ మధ్య ఒక ఫోన్ కాల్ దూరమే.

గుత్తి వంకాయ అడగొద్దు. ఆ మసాలా నూనెలో మగ్గాలి. అది గాలితో అయ్యే పని కాదు.

పోపు, కారం, కరివేపాకు ఎప్పుడు వేయాలి?

పోపు స్టవ్ మీదే. ఆవాలు చిటపటలాడటానికి కాగిన నూనె కావాలి, దానికి వేరే దారి లేదు. చిన్న గరిటెలో చెంచాడు నూనెతో పోపు పెట్టి, వేగిన ముక్కల మీద పోసి కలిపేయండి. కారప్పొడి మొదట్లోనే వేస్తే ఇరవై నిమిషాల వేడికి నల్లబడి చేదెక్కుతుంది. పైగా పొడిగా ఉన్నది ఫ్యాన్ గాలికి లేస్తుంది. కరివేపాకు మరీనూ, ఎగిరి కాయిల్‌కి అంటుకుని కాలుతుంది. ఇల్లంతా ఆ కమురు వాసనే.

గుంటూరు ఎండుమిర్చి ఇందులో వేయించుకోవచ్చా?

వేయించుకోవచ్చు, నాలాగా కాకుండా.

పుట్టింటి నుంచి సన్నం మిర్చి రెండు కిలోలు తెచ్చుకున్నాను. కారప్పొడికి వేయిద్దామని గుప్పెళ్లతో బుట్ట నింపి, 200 పెట్టి, బయట తలుపు దగ్గర ఎవరో పిలిస్తే వెళ్లాను. మూకుట్లో వేయిస్తే ఘాటు ముందు మన ముక్కుకే తగులుతుంది కాబట్టి మంట తగ్గిస్తాం. ఇందులో మూత వేసి ఉంటుంది, లోపల ఏమవుతోందో తెలియదు. ఘాటంతా వెనక చిల్లుల్లోంచి నేరుగా హాల్లోకి వెళ్లింది. మా వారు, పిల్లలు, అత్తయ్యగారు వరసగా దగ్గుతూ బాల్కనీలోకి పరుగు. ఎదురింటి వాళ్లు కూడా తలుపు తీసి దగ్గుతూ అడిగారు, ఏం జరిగిందని.

తర్వాత నేర్చుకున్నది ఇది. తొడిమెలు తీసి, అర చెంచా నూనె పట్టించి, పది పదిహేను కాయలే వేసి, 140 డిగ్రీల్లో మూడు నాలుగు నిమిషాలు. ఎగ్జాస్ట్ ఫ్యాన్ వేసి, మెషీన్ వెనకభాగం కిటికీ వైపు తిప్పి పెట్టండి. కాయ ఉబ్బి, చల్లారాక చిట్లితే చాలు. రంగు మారేదాకా ఉంచితే ఆలస్యమైనట్టే. ఎక్కువ మోతాదు అయితే ఎండలో పెట్టడమే సుఖం, మన దగ్గర ఎండకేం కరువు?

అప్పడాలు, వడియాలు, ఊర మిరపకాయలు?

అప్పడానికి రెండువైపులా వేలితో నూనె రాసి 180లో ఒకటిన్నర, రెండు నిమిషాలు. చిక్కేమిటంటే అప్పడం తేలిక, గాలికి లేచి కాయిల్ మీదకి వెళ్తుంది. మెషీన్‌తో ఇచ్చిన చిన్న జాలీ స్టాండు పైన బోర్లించండి. అది లేకపోతే అప్పడాన్ని నాలుగు ముక్కలు చేసి బుట్ట గోడకి నిలబెట్టండి. నూనెలో వేసినంత పొంగదు, నిప్పుల మీద కాల్చినట్టు ఉంటుంది. గుమ్మడి వడియాలకు కొంచెం ఎక్కువ నూనె పట్టించి 170లో నాలుగు నిమిషాలు. ఊర మిరపకాయలకూ అంతే, పైన చెప్పిన కిటికీ జాగ్రత్తతో సహా. పప్పన్నంలోకి రెండో మూడో కావాలంటే దీనికోసం మూకుడు పెట్టక్కర్లేదు, అదే లాభం.

పచ్చడికి వంకాయ కాల్చుకోవచ్చా?

హాయిగా. పెద్ద వంకాయకి నూనె రాసి, నాలుగైదు చోట్ల చాకుతో గుచ్చి, 200లో ఇరవై, ఇరవై ఐదు నిమిషాలు. గుచ్చకపోతే లోపలి ఆవిరికి పగులుతుంది. తొక్క చొక్కా విప్పినట్టు ఊడొస్తుంది. నిప్పుల పొగ వాసన మాత్రం ఉండదు. అది కావాలంటే చివర్లో ఒక్క నిమిషం గ్యాస్ మంట మీద తిప్పండి. పక్కనే టమాటాలు, పచ్చిమిర్చి కూడా పెట్టేస్తే రోటి పచ్చడికి అన్నీ ఒకేసారి అవుతాయి. పచ్చిమిర్చికి కూడా గాటు పెట్టడం మర్చిపోకండి, లేకపోతే పేలతాయి.

పల్లీలు?

160లో పది పన్నెండు నిమిషాలు, రెండుసార్లు కుదిపి. ఇంకొంచెం పచ్చిగా ఉన్నాయనిపించినప్పుడే తీసేయండి, ఆ వేడికి బయట కూడా వేగుతాయి.

చికెన్, చేపలు, రొయ్యలు?

చికెన్ ముక్కలకు ఉప్పు, కారం, అల్లంవెల్లుల్లి, కొంచెం గట్టి పెరుగు, చెంచాడు నూనె పట్టించి గంట ఉంచండి. పెరుగు పల్చగా ఉంటే కిందికి కారి పొగ వస్తుంది. ఎముకలేనివి 180లో పన్నెండు నుంచి పద్నాలుగు నిమిషాలు, లెగ్ పీసులు పాతిక. మధ్యలో తిప్పాలి. పైన ఎర్రగా ఉంది కదా అని నమ్మకండి, ఎముక పక్కన కోసి చూడండి, నీళ్లు తేటగా రావాలి. థర్మామీటర్ ఉన్నవాళ్లకి లెక్క, ముక్క లోపల 74 డిగ్రీలు.

చేపల్లో శీలావతి, బొచ్చె ముక్కలు రెండూ బాగుంటాయి. మసాలా పట్టించాక ముక్కని పది నిమిషాలు ఫ్యాన్ కింద పెట్టి, నూనె రాసిన బుట్టలో 180లో పన్నెండు నిమిషాలు. తిప్పడానికి పట్టకారు వద్దు, పల్చటి అట్లకాడ వాడండి, లేకపోతే చర్మం బుట్టకి, చేప మీ చేతికి. రొయ్యలు 190లో ఆరేడు నిమిషాలకే అయిపోతాయి. పది దాటితే రబ్బరే. పులుసు చేపలు, పులుసు రొయ్యలు మట్టిదాకలోనే ఉండనివ్వండి.

నూనె అసలు లేకుండా చేయొచ్చా?

మాంసంలో సొంత కొవ్వుంటుంది కాబట్టి నడుస్తుంది. కూరగాయలకి నూనె లేకపోతే ఎండి తోలులా అవుతాయి. నూనె వేడిని ముక్కకి అంటిస్తుంది, రంగు తెస్తుంది. పావుకిలోకి రెండు చిన్న చెంచాలు చాలు. డబ్బాల్లో దొరికే ప్రెషర్ స్ప్రేలు వద్దు, వాటిలో కలిపే లెసిథిన్ అనే పదార్థం బుట్ట పూత మీద జిగురు పొరలా గట్టిపడి వదలదు. చేత్తో కలపడమే ఉత్తమం. మరీ ముచ్చటైతే మామూలు పంపు సీసా.

మరి ఆరోగ్యానికి మంచిదేనా? షుగర్ ఉన్నవాళ్లు తినొచ్చా?

నూనె తగ్గుతుంది, కాబట్టి కేలరీలు తగ్గుతాయి. అంతవరకే. ఆలుగడ్డలో ఉన్న పిండిపదార్థం గాలిలో వేగినా ఆలుగడ్డలోనే ఉంటుంది. "ఇది ఎయిర్‌ఫ్రయర్‌దేలే" అంటూ రెండు ప్లేట్లు లాగించే మా బాబాయి గారికి షుగర్ రీడింగ్ ఏం తగ్గలేదు. ఇంకోమాట: దుంపలు బాగా నల్లబడేదాకా వేగితే ఆక్రిలమైడ్ అనే మంచిదికాని పదార్థం ఎక్కువవుతుంది. అది మూకుడైనా, ఈ బుట్టైనా ఒకటే. బంగారు రంగులో ఉండగానే తీసేయండి.

ఎంత సైజు కొనాలి?

నలుగురికి నాలుగు నుంచి ఐదు లీటర్లు. డబ్బా మీద లీటర్లు చూసి మోసపోకండి, ముక్కలు పరిచేది అడుగునే కదా, ఆ అడుగు వెడల్పు ఎంతో చూడండి. షాపులో బుట్ట లాగి, అందులో ఎన్ని చేపముక్కలు పడతాయో మనసులో పేర్చుకోండి. నిండా కుక్కితే ముక్కలు వేగవు, ఆవిరికి ఉడుకుతాయి. పండగకి పదిహేను మంది వస్తే ఇది పక్కన పెట్టి మూకుడు దించాల్సిందే.

ఏ ప్లగ్గుకి పెట్టాలి? బిల్లు ఎంతొస్తుంది?

ఇది తేలిగ్గా తీసుకోవద్దు. 1400 వాట్ల మెషీన్ 230 వోల్టుల మీద 6 ఆంపియర్లు పైనే లాగుతుంది. చిన్న 6 ఆంప్ సాకెట్‌కి అది నెత్తిమీద బరువే. నేను మొదట్లో మిక్సీ ఉన్న ఎక్స్‌టెన్షన్ బోర్డుకే దీన్నీ తగిలించాను. వారానికి ప్లగ్గు పిన్నుల చుట్టూ ప్లాస్టిక్ గోధుమరంగుకి తిరిగింది, పట్టుకుంటే చెయ్యి కాలింది. ఇప్పుడు గీజర్‌కి ఉండే పెద్ద 16 ఆంప్ సాకెట్ వంటింట్లో వేయించి, దానికే పెడుతున్నాం.

బిల్లు గురించి అంత టెన్షన్ అక్కర్లేదు. 1400 వాట్లు ఇరవై నిమిషాలు ఆగకుండా నడిచినా అర యూనిట్ లోపే. వేడెక్కాక అది ఆగుతూ నడుస్తుంది కాబట్టి ఇంకా తక్కువే.

ఎండాకాలంలో వంటిల్లు ఇంకా వేడెక్కదా?

గ్యాస్ ముందు నిలబడినంత కాదు. బయట 44 డిగ్రీలున్న రోజుల్లో వేపుడు బుట్టలో పడేసి ఫ్యాన్ కింద కూర్చోగలగడమే నాకు దీనిలో అన్నిటికంటే నచ్చింది. వెనక గోడకి జానెడు దూరం వదలండి. స్టవ్ మీద మాత్రం ఎప్పుడూ పెట్టకండి. చోటు లేదని అలా పెట్టి, పొరపాటున నాబ్ తిప్పి, అడుగు కరిగించుకున్నవాళ్లు మా బంధువుల్లోనే ఉన్నారు.

బుట్ట ఎలా కడగాలి?

వేడి మీద చల్లనీళ్లు పోయొద్దు, పూత లేస్తుంది. గోరువెచ్చటి నీళ్లలో సబ్బు వేసి పావుగంట నానబెట్టి మెత్తటి స్పాంజితో తుడవండి. పనమ్మాయికి ముందే చెప్పండి, ఇనుప పీచు ముట్టుకోవద్దని. నేను చెప్పడం మర్చిపోయాను. తళతళలాడుతూ తోమి పెట్టింది పాపం, పూత సగం పీచుతోనే పోయింది. ఆమెనేం అంటాం? నెలకోసారి మెషీన్ చల్లారాక, ప్లగ్గు తీసి, తిరగేసి కాయిల్‌ని తడిబట్టతో తుడవండి. తెరిచీ తెరవగానే పాత చేప వాసన వస్తోందంటే అది కాయిల్ మీదున్న జిడ్డే.

అల్యూమినియం రేకు, బటర్ పేపర్ వేయొచ్చా?

వేయొచ్చు, పైన బరువుండాలి. ఖాళీ బుట్టలో పేపర్ వేసి వేడి చేస్తే ఎగిరి కాయిల్‌కి తగిలి అంటుకుంటుంది. చింతపండు, నిమ్మకాయ, టమాటా ఉన్నవాటికి రేకు వద్దు, పులుపుకి రేకు కరుగుతుంది. బుట్ట మొత్తం కప్పేస్తే గాలి తిరగదు, అప్పుడిక మెషీన్ ఎందుకు?

నిన్నటి పునుగులు, పఫ్‌లు వేడి చేసుకోవచ్చా?

నన్నడిగితే ఇది అసలు దానికోసమే పుట్టింది. మైక్రోవేవ్‌లో పెడితే మెత్తబడి సాగే సమోసా, పునుగు, పకోడీ ఇందులో 180లో నాలుగు నిమిషాలకి బండి మీంచి అప్పుడే తెచ్చినట్టు ఉంటాయి. సొంత నూనె వాటిలోనే ఉంది కదా. బేకరీ పఫ్‌కి 160 చాలు, పొరలు త్వరగా మాడతాయి.

జంతికలు, చేగోడీలు, చెక్కలు?

చెక్కలు పల్చగా తట్టి వెన్న ఎక్కువేసి చేస్తే బిస్కెట్‌లా వస్తాయి, టీలోకి బాగుంటాయి. జంతికలు గట్టి కర్రలే అయ్యాయి. చేగోడీలు రెండుసార్లు ప్రయత్నించి మానేశాను. సంక్రాంతికి మా ఇంట్లో పెద్ద మూకుడే పొయ్యెక్కుతుంది.

మధ్యలో కరెంటు పోతే? ఇన్వర్టర్ మీద నడుస్తుందా?

ఇళ్లల్లో ఉండే మామూలు ఇన్వర్టర్ దీన్ని మోయలేదు, ఓవర్‌లోడ్ అయి కీచుమంటుంది. ఆ సాకెట్‌ని ఇన్వర్టర్ లైన్‌లోంచి తప్పించమని ఎలక్ట్రీషియన్‌కి ముందే చెప్పండి. కూరగాయలైతే కరెంటు వచ్చేదాకా బుట్ట తెరవకుండా ఉంచి, తర్వాత మిగిలిన టైమ్ పెట్టుకోవచ్చు. టైమర్ తిప్పేది అయితే కరెంటు లేకపోయినా కొన్నింటిలో టిక్కుటిక్కుమని నడిచేస్తుంది, గంట మోగిందని తీస్తే పచ్చిగా ఉంటుంది. సగం ఉడికిన చికెన్, చేపల్ని మాత్రం అలా కూర్చోబెట్టకండి. ఐదు నిమిషాలు చూసి, రాకపోతే మూకుట్లోకి దించి, గ్యాస్ మీద పూర్తిచేసేయండి. పోయినవారం మా ఇంట్లో శీలావతి ముక్కలు అలాగే అయ్యాయి. సగం గాలిలో, సగం నూనెలో. అందరూ బాగున్నాయన్నారు, అత్తయ్యగారైతే మళ్లీ అలాగే చేయమన్నారు.